లెక్కలోకి రాని లోడు

పోయిన నెలలో పలమనేరులో ఉన్న మా చిన్నాయన కూతురింటికి పోదామని చిత్తూరులో బస్సెక్కితే, బంగారుపాళ్యం దాటకముందే బస్సు ఆగిపోయింది. మామిడికాయల కాలంలో ఆ దారిన బస్సు ఆగడం వింత కాదు గనక ఎవరూ విసుక్కోలేదు. డ్రైవరు ఇంజను ఆపేసి టీ తాగడానికి దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీ గేటుదాకా వరసగా నిలబడి ఉన్నాయి. అది నేను చిన్నప్పటినుంచీ చూసినదే. కొత్తగా ఉన్నదల్లా ఒక్కటే, గేటు దగ్గర చీటీలు పంచే మనిషి లేడు. ప్రతి ట్రాక్టరు మీదా ఎవరో ఒకరు సెల్‌ఫోను చేతిలో పెట్టుకుని దానివైపే చూస్తున్నారు. మా కిటికీకి ఎదురుగా ఉన్న రైతును ఏమిటయ్యా సంగతని అడిగితే, ఎవరి లోడు ఎన్ని గంటలకు దించుకునేదీ కంప్యూటరే తేల్చి ఫోనుకు పంపుతుందని చెప్పాడు. "మనిషితో పనే లేదక్కా ఇప్పుడు," అన్నాడు.

ఆ మాటకు సంతోషపడాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు. ఎందుకంటే పాతికేళ్ళకు పైమాట, ఇదే రోడ్డు మీద ఇలాంటి గేటు దగ్గరే, ఆ వంతులు తేల్చే విద్య కంప్యూటరుకు నేర్పుతానని బయలుదేరినదాన్ని నేను. నేర్పానా లేదా అన్నది ఇప్పటికీ నాకు అర్థం కాని విషయం. అర్థమైనట్టు రిపోర్టు మాత్రం రాశాను.

మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో కంప్యూటరు గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని, గుడిలోకి పోయినట్టు పోవాలి. తిరుపతిలో చదువు ముగించి, తోటివాళ్ళంతా హైదరాబాదు బస్సులెక్కుతుంటే ఏం చేయాలో తోచక తిరుగుతున్న నాకు, అక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన సహాయకురాలిగా ఏడాది ఉద్యోగం వచ్చింది. కంప్యూటరు నిర్ణయాలు తీసుకునేలా చేయడం గురించిన పరిశోధన అని ఉత్తర్వులో రాశారు. ఆ కాగితం పట్టుకుని మా ఊరు ఐరాలకు పోతే ఇంట్లో ఎవరికీ అది ఏం ఉద్యోగమో అంతుపట్టలేదు. టైపు కొట్టడమా అని ఒకరు, కరెంటు పనా అని ఒకరు అడిగారు. మా అవ్వ మాత్రం బాగా ఆలోచించి, "నిర్ణయమంతా మిషనే తీసుకుంటే ఇంక నువ్వెందుకు ఆడ?" అంది. నిజం చెప్పాలంటే మొదటి మూడు నెలలూ ఆ ప్రశ్న నన్నూ వేధిస్తూనే ఉంది.

మా సారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన, నిదానస్థుడు. నా అయోమయం చూసి ఒకరోజు నా హాస్టలు గదినే ఉదాహరణగా తీసుకుని చెప్పాడు. గదిలో నలుగురున్నారు. ఒకరికి ఫ్యాను కింద పడదు, ఒకరికి కిటికీ పక్కనే కావాలి, ఇద్దరికి ఒకరంటే ఒకరికి గిట్టదు. మామూలు ప్రోగ్రాములో అయితే మొదట ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని కంప్యూటరుకు వరసగా చెప్పాలి. మన పద్ధతిలో చేయాల్సింది చెప్పనక్కరలేదు, ఏమేమి కూడదో చెబితే చాలు, ఏ నియమమూ తప్పకుండా ఎవరి మంచం ఎక్కడుండాలో అదే వెతికి తేలుస్తుంది. కుదిరితే కుదిరిందని చూపిస్తుంది, కుదరకపోతే కుదరదంటుంది. ఎందుకు కుదరదో మాత్రం చెప్పదు. ఈ చివరి మాటను ఆయన నవ్వుతూ అన్నాడు గానీ, ఆ ఏడాదంతా నన్ను తిప్పలు పెట్టింది అదే.

పరిశోధనకు మన జిల్లాలోదే ఏదైనా నిజమైన చిక్కు తీసుకుంటే బాగుంటుందని సారు అంటే, నేను ఊరుకోకుండా మా మామ సంగతి చెప్పాను. మా అమ్మకు తమ్ముడు, బంగారుపాళ్యం దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీ గేటులో టోకెన్లు రాసేవాడు. సీజనులో పొద్దున్నే గేటు ముందు నిలబడ్డ లోడ్లు చూసి, ఎవరిది ముందు దించాలో ఎవరిది తర్వాతో చీటీల మీద అంకెలు వేసి పంచేవాడు. ఒక్కొక్క లోడు వెనకా ఒక కుటుంబం ఏడాదంతా చేసిన కష్టం ఉంటుంది, కాయ ఎండలో నిలబడితే మెత్తబడుతుంది, అందుకని ఆ చీటీ అంటే చిన్న విషయం కాదు. సారుకు ఇది తెగ నచ్చింది. ఆ సీజను ముగిసేలోగా మన ప్రోగ్రాము రాసిన వరస ప్రకారం ఫ్యాక్టరీలో మూడు రోజులు దించి చూపిస్తే నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారనీ, లేకపోతే ఏడాదితో సరి అనీ చెప్పాడు. విశ్వవిద్యాలయంలో నాకు ఒక బల్ల ఉండేది, తాళం ఉన్న సొరుగు ఉండేది, సొరుగు మీద నా పేరు రాసిన కాగితం అంటించి ఉండేది. అప్పటిదాకా నాదంటూ తాళం పడే వస్తువు ఏదీ లేదు. ఐరాలలో ప్రైవేటు బడివాళ్ళు లెక్కలు చెప్పడానికి రమ్మని అప్పటికే కబురు పెట్టి ఉన్నారు. నాకు మాత్రం ఆ సొరుగును వదలబుద్ధి కాలేదు.

మామ దగ్గరికి నోటుపుస్తకం తీసుకుని పోతే, గేటు పక్కన రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, చెనిక్కాయలు ఉడకబెట్టించి పెట్టి, నియమాలన్నీ వరసగా చెప్పాడు. ముందొచ్చిన బండికి ముందు, కాకపోతే మాగిన కాయ తెచ్చినవాడు పచ్చికాయవాడికంటే ముందు, ఎద్దుల బండివాడిని పొద్దుగూకేదాకా ఉంచకూడదు, గట్టు తగాదా ఉన్న రెండిళ్ళవాళ్ళ బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టకూడదు, ఇలా చాలా చెప్పాడు. అన్నిటికంటే గట్టి నియమం ఆఖర్న చెప్పాడు. పొద్దున వచ్చిన లోడు ఒక్కటి కూడా రాత్రికి మిగలకూడదు. "తెల్లారేటప్పటికి అడుగు కాయంతా నీరుగారిపోతాది పాపా. ఆరేండ్లయింది నేను టోకెన్లు రాయబట్టి, ఒక్క లోడన్నా నిలబెట్టినానా అడుగు ఎవురినైనా," అన్నాడు. పక్కనున్న వాచ్‌మన్ కూడా లేదని తల ఊపాడు. ఆ మాట చెప్పేటప్పుడు మామ ముఖంలో గర్వం చూసి నాకూ గర్వమేసింది.

ఇక్కడ మా నాయన సంగతి కొంచెం చెప్పాలి. మాకు చిన్న తోట, నాయన మా కాయతో పాటు చుట్టుపక్కలవాళ్ళ కాయ కూడా కలుపుకుని, బాడుగ ట్రాక్టరులో రోజు మార్చి రోజు ఆ ఫ్యాక్టరీకే తోలేవాడు. తోలిన రాత్రి ఇంటికి వచ్చేవాడు కాదు. బావమరిది ఇంట్లో పడుకున్నాడులే అనేది అమ్మ. మా మరదలి చేతి సంగటి మరిగి ఇల్లు మరిచిపోతున్నాడని ఎగతాళి చేసేది, మేమూ నవ్వేవాళ్ళం. నాయన తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. అత్తగారింటి మర్యాదల విషయంలో ఆయన మహా పట్టింపు మనిషి, ఆ ఇంట్లో నోరు తెరిచి మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు, ఎవరైనా తెచ్చి ఇస్తే తాగేవాడు.

సరే, నియమాలన్నీ ప్రోగ్రాములో పెట్టాను. వాచ్‌మన్ గేటులోకి వచ్చిన ప్రతి బండినీ ఒక పుస్తకంలో రాసేవాడు గనక, అందులోంచి పది పన్నెండు రోజుల బళ్ళు ఎత్తి రాసుకొచ్చి అవీ ఎక్కించాను. కరెంటు పోతూ వస్తూ ఉంటే సగం రోజు దానికే పోయేది. ఆఖరికి మీట నొక్కితే కాసేపు ఆలోచించి కుదరదని చెప్పింది. నేనేదో తప్పు కొట్టి ఉంటానని మళ్ళీ మొదటినుంచీ కొట్టాను, కుదరదంది. ఇంకో రోజు బళ్ళు పెట్టాను, కుదరదంది. సారు కూర్చుని రెండు రోజులు వరస వరసా చదివి, ప్రోగ్రాములో తప్పు లేదన్నాడు. తర్వాత ఒక్కొక్క నియమం తీసి చూశాం. ముందొచ్చినవాడికి ముందనేది తీసినా కుదరలేదు, గట్టు తగాదాల నియమం తీసినా కుదరలేదు. రాత్రికి ఏదీ మిగలకూడదన్న నియమం తీయగానే రెప్పపాటులో వరస వచ్చేసింది. ఏ రోజు బళ్ళు పెట్టినా అంతే, చివర్న ఒకే ఒక్క లోడు మిగిలిపోతుంది.

నా మతి పోయింది. ఏ నియమం ఎన్నడూ తప్పలేదని మామ ప్రమాణం చేస్తున్నాడో, సరిగ్గా అదే అసాధ్యమని కంప్యూటరు అంటున్నది. మీ మామ అబద్ధమైనా చెప్పి ఉండాలి, పుస్తకమైనా తప్పయి ఉండాలని సారు అన్నాడు. నాకు కోపం వచ్చింది. మామ అబద్ధం చెప్పే మనిషి కాదు, వాచ్‌మన్‌కు పుస్తకం తప్పు రాయాల్సిన పని లేదు, కంప్యూటరుకు మాత్రం మా మామ మీద పగేముంటుంది. మూడూ నిజమే చెబుతున్నట్టున్నాయి, కానీ మూడింటికీ పొత్తు కుదరడం లేదు. అన్నం తింటున్నా అదే ఆలోచన, హాస్టలు పిల్లలు జడ వేస్తుంటే కూడా అదే ఆలోచన. సీజను చూస్తే సగం అయిపోయింది.

ఇక లాభం లేదు, ఒక రోజంతా గేటు దగ్గరే కూర్చుని కళ్ళారా చూస్తానని ఐరాలకు వచ్చి, మరునాడు మొదటి బస్సు పట్టుకుని పోయాను. నేను దిగేసరికి అప్పుడే ఎండ పడుతున్నది. గేటు ఇంకా తీయలేదు, పక్కనున్న చిన్న తలుపులోంచి లోపలికి పోయాను. ఖాళీగా ఉండాల్సిన ఆవరణలో ఒక్క ట్రాక్టరు నిండు లోడుతో నిలబడి ఉంది. దాని పక్కన ఒకాయన చెంబుతో ముఖం కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని ఇటు తిరిగాడు. మా నాయన.

నన్ను చూసి ఆయన మొదట తువ్వాలు దులిపి భుజాన సరిగ్గా వేసుకున్నాడు, తర్వాత ఏమైనా తిన్నావా అని అడిగాడు. మామ ఇంట్లో పడుకోలేదా నాయనా అని అడిగితే, "పోయి తినొచ్చినామ్మా. కాయ కాడ ఒక మనిషి ఉండల్ల గదా," అన్నాడు, దొరికిపోయినవాడిలా నావైపు చూడకుండా. ట్రాక్టరు అడుగునుంచి రసం చుక్కలు చుక్కలుగా కారి మట్టి తడిసి ఉంది. ఆయన ఒంగి మెత్తబడ్డ కాయలు కొన్ని ఏరి కంచె అవతల ఆవులకు వేస్తున్నాడు. ఈ ఏడు కాయకు సత్తువ లేదని, తక్కువ డబ్బు చేతికిస్తూ ప్రతి ఏడూ ఇంట్లో ఆయన చెప్పే మాట గుర్తొచ్చి, నాకు అక్కడే ఏడుపొచ్చింది.

మామ రాగానే ఈ లోడు ఎప్పటిదని నిలదీశాను. నిన్నటిదేనన్నాడు. మరి ఒక్క లోడూ మిగలదని ఎట్లా చెప్పావని అడిగితే, నా ముఖం వైపు అయోమయంగా చూశాడు. నటన కాదు, నిజంగానే ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "అది బావది గదా పాపా," అన్నాడు. "మనది. మనది లోడు కింద ఎట్లా లెక్కేస్తాం?"

అప్పుడు తెలిసింది. ఒకరోజు మా నాయన లోడు మిగిలేది, ఇంకోరోజు మామ సొంత తోటది మిగిలేది. సొంతవాళ్ళ కాయ ముందు దించుకున్నాడనే మాట వస్తే రేపు తన చీటీని ఎవరూ లెక్కచేయరని మామ మనవాళ్ళను చివరకు నెట్టేవాడు. పెళ్ళాం తమ్ముడి దగ్గర వంతు అడగడం నాయనకు నామోషీ. ఇద్దరూ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఈ విషయం మాట్లాడుకోలేదట. వాచ్‌మన్ దాన్ని ఇంటి బండి అనేవాడు. గేటులో రాసుకుంటాడు, రాత్రికి ఏవైనా మిగిలాయా అంటే లేవంటాడు, రెండూ నిజమేనని ఇప్పటికీ అతని నమ్మకం. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

తిరుపతికి పోయి చెబితే సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంకేముంది, రోజుకు ఒక లోడు మిగలవచ్చునని రాద్దాం, ఎవరిదన్నది కంప్యూటరే వంతులవారీగా అందరికీ సమానంగా పంచుతుంది అన్నాడు. నాకూ ప్రాణం లేచి వచ్చింది. నాయన పడిగాపులు ఇంతటితో తీరిపోతాయని, అదీ నా చేతుల మీదుగా తీరుతాయని మురిసిపోయాను. నియమం మార్చి మీట నొక్కితే ప్రింటరు గరగరమంటూ వరస అచ్చువేసి ఇచ్చింది. ఆ కాగితాలు తీసుకుని సారూ నేనూ ఫ్యాక్టరీకి పోయాం, మేనేజరు మూడు రోజులకు ఒప్పుకున్నాడు.

మొదటి రోజు చివరి చీటీ పలమనేరు అవతలి నుంచి వచ్చిన ఒక రైతుకు పడింది. చివరి చీటీ అంటే రాత్రికి ఉండిపోవాలి. ఆయన చీటీ చూసి, మామ వైపు చూసి, ట్రాక్టరు దిగి వచ్చి గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. "నేనేం తప్పు చేసినానప్పా? ఆరేండ్లుగా లేని రూలు ఈ పొద్దు యాడిది?" అన్నాడు. ఇది కంప్యూటరు తేల్చింది, అందరికీ ఏదో ఒకరోజు వస్తుందని సారు నచ్చచెప్పబోతే, మాతో చెప్పకుండా ఎవరు తేల్చారని వెనకనున్నవాళ్ళు కూడా దిగారు. లోపల యంత్రం కాయ లేక ఆగింది. ఈ తమాషా కట్టిపెట్టమని మేనేజరు కబురు పెట్టాడు. సారు ముఖం పాలిపోయింది. ఆయన నావైపు చూస్తే, నేను నా చేతిలోని కాగితాలవైపు చూశాను. నా బల్ల, నా సొరుగు, అంతా అయిపోయిందనుకున్నాను.

ఆ రోజు నాయనకు వరసలో మధ్య చీటీ వచ్చింది, అన్నేళ్ళలో మొదటిసారి. ఆయన ట్రాక్టరు దిగి నిదానంగా నడిచి వచ్చి, తన చీటీ ఆ రైతు చేతిలో పెట్టి, ఆయన చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పోప్పా, నేను ఈడనే ఉంటా," అన్నాడు. నావైపు చూడలేదు. గేటు తెరుచుకుంది. రెండో రోజు గొడవ మొదలయ్యేలోగా మామ తన లోడు వెనక్కి తీయించాడు, మూడో రోజు మళ్ళీ నాయన. మూడు రోజులూ వరస ప్రకారమే దిగింది, రోజుకు ఒక్క లోడే మిగిలింది, కంప్యూటరు చెప్పినట్టే.

రిపోర్టు నేనే టైపు చేశాను. అక్కడక్కడా రైతులు పరస్పర అంగీకారంతో సర్దుబాటు చేసుకున్నారని సారు ఒక వాక్యం రాయించాడు. ఆ వాక్యం దగ్గర నా చేతులు చాలాసేపు ఆగాయి. సర్దుకున్నది మా నాయనా మామా మాత్రమేననీ, వాళ్ళు దిగి రాకపోతే మన ప్రోగ్రాము ఒక్క పూట కూడా నడిచేది కాదనీ రాయవచ్చు. రాస్తే ఉద్యోగం ఉండదు. నేను చుక్క పెట్టి తర్వాతి పేరాకు పోయాను. ఉద్యోగం రెండేళ్ళు పొడిగించారు.

ఆ కాగితం తీసుకుని ఇంటికి పోయినప్పుడు, నీ పడిగాపులు తప్పిద్దామని ఇంత చేస్తే చీటీ ఎందుకు మార్చుకున్నావని నాయనను అడిగాను. దానికి ఆయన పెద్దగా ఆలోచించలేదు. "ఆయప్పకు ఇల్లు దూరం. నాకు మీ మామ ఇల్లు పక్కనే ఉండాది. అంతే గదమ్మా," అని, మళ్ళీ తనే, "ఆ ముక్క గూడా నీ మిషన్‌కు చెప్పుంటే పోయ్యేది," అన్నాడు. తర్వాతి రెండేళ్ళూ నేను చేసిన పరిశోధనంతా ఆ ముక్క చెప్పడానికే. ఏది కూడదో రాయడం నాకు వచ్చు, ఎవరు దిగి వస్తారో రాయడం మాత్రం ఎన్ని విధాల ప్రయత్నించినా రాలేదు. వంతు వదులుకునేవాడి పేరు ముందే రాసిపెడితే అది అన్యాయం, రాయకపోతే బండి కదలదు. గడువు తీరాక చిత్తూరులో ఒక కాలేజీలో చేరి, పిల్లలకు హాస్టలు మంచాల లెక్క చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాను. నాయన వంతు నా ఉద్యోగం కింద పోయిందని ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పడానికి ఇప్పుడాయన లేడు.

పోయిన నెల ఆ బస్సు కదిలేముందు, ఎదురుగా ఉన్న ఆ రైతును, సాయంత్రానికి ఒక లోడు మిగిలిపోతే ఏం చేస్తారని అడిగాను. ఎవరిది మిగిలితే వాళ్ళదే, ఫోనులో ఏముంటే అదేనని, ఇందులో అడగడానికేముందన్నట్టు చెప్పాడు. న్యాయమే. ఆ రోజుల్లో ఇదే ఉండి ఉంటే మా నాయన చాలా రాత్రులు ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు. నేను కోరుకున్నదీ అదే గదా, మరి ఈ దిగులెందుకో తెలియడం లేదు. డ్రైవరు వచ్చి ఇంజను వేశాడు. బస్సు మెల్లగా ట్రాక్టర్ల పక్కనుంచి పోతుంటే, ఆ వరసలో ఇంటి బండి ఏదా అని గేటుదాకా వెతుక్కుంటూ పోయాను. అన్నీ లెక్కలోకి వచ్చినవే.